నడిమి ముక్కలే కావాలనే దేశం

సింగపూర్ విస్తీర్ణం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. అటు భీమిలి నుంచి ఇటు అనకాపల్లి దాకా మన విశాఖ నగరపాలక సంస్థ, జీవీఎంసీ, పరిధి 680 పైచిలుకు. అంటే మన మేయరు గారి ఏలుబడి కంటే ఆ దేశ ప్రధాని గారి ఏలుబడి కాస్తంత పెద్దదంతే. తేడా అంతా జనంలో ఉంది. 2011 లెక్కల నాటికి మన నగరంలో సుమారు 20 లక్షలు. సింగపూర్లో 2024 నాటికి 60 లక్షలు దాటారు. సాయంత్రం ఆరింటికి మద్దిలపాలెం జంక్షన్లో బండి కదలక తిట్టుకునేవాళ్లం, దాదాపు ఇంతే నేల మీద మూడింతల జనాన్ని సర్దుకున్న ఊరి గురించి తీర్పులు చెప్పే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య మావైపు ఎక్కడ నలుగురు కూర్చున్నా ఇదే మాట. "సింగపూర్ వాళ్లకి కళ్లు నెత్తికెక్కాయి, మనవాళ్లని రానివ్వట్లేదు." ఐటీ ఉద్యోగం ఉన్న అల్లుడికి పాస్, అంటే అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి, రెన్యువల్ కాలేదని ఒకాయన, తమ్ముడి దరఖాస్తు తిరిగొచ్చిందని ఇంకొకాయన. అందరి కోపమూ ఒకటే, ఎందుకు ఆపుతున్నారని. నాకు ఆ కోపంలో పెద్దగా పాలు లేదు. ఎంతమంది రావాలో చెప్పే హక్కు ఆ దేశానిది. నా పేచీ వేరే చోట ఉంది. రానిచ్చినవాళ్లని ఎలా రానిస్తున్నారన్న దగ్గర.

ముందు వాళ్ల వైపు నుంచి చూద్దాం. 2000లో సింగపూర్ జనాభా 40 లక్షలు. పాతికేళ్లలోపే ఇంకో 20 లక్షలు పెరిగింది. ఈ పెరుగుదల పురిటి మంచాల మీద వచ్చింది కాదు. 2024 లెక్కలో పౌరులు సుమారు 36 లక్షలు, పర్మనెంట్ రెసిడెంట్లు 5 లక్షల పైన, మిగతా 18 లక్షల పైచిలుకు మంది ఏదో ఒక పాస్ మీద ఉన్నవాళ్లు. ప్రతి పదిమందిలో ముగ్గురు ఆ దేశానికి తాత్కాలికులు. మన ఊళ్లో సీతమ్మధార నుంచి గాజువాక దాకా ఎదురయ్యే ప్రతి పదిమందిలో ముగ్గురు మన భాష రానివాళ్లయితే మనం ఎంత నిబ్బరంగా ఉండేవాళ్లమో నాకు అనుమానమే.

ఇందులో తమాషా ఏమిటంటే, జనం తక్కువ కావాలని మొదట పట్టుబట్టింది వాళ్లే. 1972లో ఇద్దరితో ఆపండని ప్రచారం మొదలెట్టారు. మూడో బిడ్డని కన్నవాళ్లకి ఆస్పత్రి ఫీజు ఎక్కువ, బడి సీటులో వెనకబాటు. జనం ఎంత బుద్ధిగా విన్నారంటే 1987 వచ్చేసరికి ప్రభుత్వమే ప్లేటు తిప్పి, స్తోమత ఉంటే ముగ్గుర్నో అంతకంటే ఎక్కువమందినో కనండని బతిమాలుకోవాల్సి వచ్చింది. 2001 నుంచి బిడ్డ పుడితే బోనస్ ఇస్తున్నారు. ఇప్పుడది మొదటి ఇద్దరికీ తలా 11,000 సింగపూర్ డాలర్లు, మూడో బిడ్డ నుంచి 13,000. డాలరుకి 65 రూపాయల లెక్కన వేసుకున్నా ఏడు లక్షల పైమాటే. అయినా 2023లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఒకటి కంటే కిందికి, 0.97కి పడిపోయింది. అప్పు కట్టాల్సిన ఫ్లాటు, ఇద్దరూ చేయాల్సిన ఉద్యోగం, పన్నెండో ఏటే పిల్లలకి పెట్టే పరీక్ష, ఇవన్నీ అలాగే ఉంచి చేతిలో డబ్బు పెడితే పిల్లలు పుడతారనుకోవడం ప్రభుత్వాలకి మాత్రమే వచ్చే ఆలోచన.

పిల్లలు పుట్టకపోతే పనికి మనుషులు కావాలి. అందుకే బయటి నుంచి తెచ్చుకున్నారు, తెచ్చుకునే కొద్దీ ఉన్నవాళ్లకి ఊపిరాడలేదు. మెట్రోలో నిలబడే చోటు లేదు, ఇళ్ల ధరలు ఎగబాకాయి. కింది మెట్టు మీదున్న సింగపూర్ మనిషికి జీతం పెరగలేదు, ఎందుకంటే అదే పనికి ఇంకాస్త తక్కువకి వచ్చేవాడు ఎప్పుడూ సిద్ధం. 2011 ఎన్నికల్లో పాలక పార్టీకి 60 శాతమే ఓట్లు పడ్డాయి. మనకి అది ఘనవిజయం, అక్కడది స్వాతంత్ర్యం వచ్చాక అతి తక్కువ. 2013 జనవరిలో ప్రభుత్వం జనాభా మీద శ్వేతపత్రం తెచ్చి, 2030కల్లా 65 నుంచి 69 లక్షలు కావచ్చని చెప్పింది. వెంటనే ఫిబ్రవరిలో హాంగ్ లిమ్ పార్కులో వేలమంది వర్షంలో నిలబడి నిరసన చెప్పారు. ధర్నా చౌక్ సంస్కృతి లేని దేశంలో, అనుమతి ఉన్న ఆ ఒక్క పార్కులో, వేలమంది. వాళ్లందర్నీ జాత్యహంకారులని కొట్టిపారేయడం నాకు చేతకాదు. అందులో అలాంటివాళ్లూ ఉంటారు, ఎక్కడ లేరు కనక. కానీ "మమ్మల్ని అడక్కుండా మా ఊరు మార్చేస్తున్నారు" అన్న మాట అబద్ధం కాదు.

ఇక నా పేచీ. గాజువాకలో నాకు చిన్న జెరాక్స్, ఆన్‌లైన్ షాపు. చుట్టుపక్కల వెల్డింగ్ ట్రైనింగ్ సెంటర్లు ఎక్కువ. ఆర్క్, టిగ్, 6జీ టెస్ట్ అంటూ బోర్డులు. 6జీ అంటే ఏటవాలుగా బిగించిన పైపుని వెల్డింగ్ చేసి చూపించాల్సిన కష్టమైన పరీక్ష. శ్రీకాకుళం జిల్లా కంచిలి, కవిటి, సోంపేట, మందస, ఇచ్ఛాపురం నుంచి వచ్చిన కుర్రాళ్లు గది అద్దెకి తీసుకుని అందులో నేర్చుకుంటారు. షిప్‌యార్డులకి, కన్‌స్ట్రక్షన్‌కి సింగపూర్ వెళ్లేవాళ్లలో మా షాపు మెట్లెక్కనివాళ్లు తక్కువ. పాస్‌పోర్టు జెరాక్స్, ఫోటోలు, టికెట్ ప్రింటు. అన్నిటికంటే ముఖ్యం ఐపీఏ లెటర్. వర్క్ పర్మిట్ ఇస్తామని అక్కడి ప్రభుత్వం ముందుగా ఇచ్చే కాగితం అది. ఏజెంట్ వాట్సాప్‌లో పంపుతాడు, వీళ్లు నాకు ఫార్వార్డ్ చేస్తారు, నేను ప్రింటు తీస్తాను. నకిలీవి కూడా వస్తుంటాయి కాబట్టి, అక్కడి మానవ వనరుల శాఖ సైట్లో నంబరు కొట్టి సరిచూడటం కూడా నా పనుల్లో చేరిపోయింది. దానికి డబ్బులు తీసుకోను. తీసుకోవాలనిపించదు.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు, మందస వైపు. పాతికేళ్లు ఉంటాయేమో. కాగితం ప్రింటు తీశాక చదివి చెప్పమన్నాడు. యజమాని పేరు, పని పేరు, బేసిక్ 700 డాలర్లు, కింద అలవెన్సులు, కోతలు, వసతి కంపెనీది.

"ఏడొందలేనా బాబాయ్? ఏజెంటు వెయ్యి పైన అన్నాడే."

"ఓటీ, అదే ఓవర్‌టైమ్, కలిపి అని ఉంటాడు. బేసిక్ ఇదే. ఇందులో లేని మాట అక్కడ చెల్లదు."

కాసేపు ఆ అంకె మీదే వేలు పెట్టి నిలబడ్డాడు. ఎంత కట్టావని అడిగితే రెండు లక్షల పైమాటే అన్నాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మన దేశ చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోదగ్గ సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఆ సంగతి చెప్తే నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు, డబ్బు కట్టేశాక చెప్పిన సంగతి. ఇంకోటి కూడా ఉంది. పెద్దగా చదువుకోనివాళ్లు గల్ఫ్ దేశాలకో మలేషియాకో పనికి వెళ్తే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అంటే ఎవరో ఒక అధికారి ఆ కాంట్రాక్టు ఒక్కసారైనా చూస్తాడు. ఆ జాబితాలో సింగపూర్ లేదు. పద్ధతైన దేశం కదా, చూడక్కర్లేదని కాబోలు. ఈ కుర్రాడి కాగితం చూసిన ఏకైక అధికారిని నేనే అన్నమాట, లామినేషన్ మెషిన్ పక్కన కూర్చుని.

ఆ కాగితంలో రాయని షరతులు ఇంకా చాలా ఉన్నాయి. వర్క్ పర్మిట్ మీద వెళ్లినవాడు భార్యాపిల్లల్ని తీసుకెళ్లకూడదు. అక్కడి అమ్మాయిని పెళ్లాడాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పర్మనెంట్ రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టుకునే దారే లేదు. అక్కడి ప్రావిడెంట్ ఫండ్, వాళ్లు సీపీఎఫ్ అంటారు, పౌరులకి, పర్మనెంట్ రెసిడెంట్లకి మాత్రమే. వీళ్లకి పైసా జమ కాదు. మలేషియా వాడు కాకపోతే యజమాని ఒక్కొక్కరి మీద 5,000 డాలర్ల బాండు కట్టాలి, మనిషి పారిపోతే ఆ డబ్బు పోవచ్చు. ఇవి పాత పద్ధతులు, మారతాయేమోనని అనుకునేవాళ్లకి ఒక వార్త చెప్పాలి. ఇంతకు ముందు మన దేశం నుంచి వెళ్లిన కార్మికులకి మొత్తం ఇన్నేళ్లకి మించి పనిచేయకూడదని గడువు ఉండేది. 2025 జులై నుంచి ఆ గడువు ఎత్తేశారు, వయసు పరిమితిని కూడా 63 ఏళ్లకి పెంచారు. చదవగానే ఎంత మంచి పని అనిపిస్తుంది. ఇంకోసారి చదివితే తెలుస్తుంది, పాతికేళ్లకి వెళ్లిన మనిషి ఇకపై 63 దాకా, ముప్పై ఎనిమిదేళ్లపాటు, తాత్కాలికుడిగానే ఉండొచ్చని.

ఫిషింగ్ హార్బర్లో అప్పుడప్పుడు ఒకరకం గిరాకీ కనిపిస్తారు. వంజరం కొనేటప్పుడు తలా వద్దు, తోకా వద్దు, నడిమి ముక్కలే కొయ్యమంటారు, ధర మాత్రం ముక్కలకే ఇస్తామంటారు. చేపలమ్మే ఆవిడ ఊరుకోదు. "తలకాయి నేనేటి చేసుకోను? చేప మొత్తం తూకం వేస్తాను, తీసుకెళ్తే తీసుకెళ్లు" అంటుంది. సింగపూర్ మనుషుల్ని కొనే పద్ధతి ఆ గిరాకీదే. మందసలో పుట్టిన కుర్రాడికి టీకాలు, అంగన్‌వాడీ గుడ్లు, సర్కారు బడి, ఐటీఐ, ఇవన్నీ ఇక్కడి ఖర్చు. నడుం వంగాక బీపీ, సుగరు, మోకాళ్లు, పెన్షను, ఇవీ ఇక్కడి ఖర్చే. మధ్యలో కండ ఉన్న ఏళ్లు మాత్రం అక్కడికి. వాళ్ల జనాభా లెక్కల్లో ఈ 18 లక్షల మందిలో ముసలివాళ్లు దాదాపు ఉండరు, పసివాళ్లు తక్కువ. ఉండనివ్వరు కాబట్టి ఉండరు.

మందస, కవిటి, సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకి ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది. అక్కడి కిడ్నీ జబ్బుకీ సింగపూర్‌కీ సంబంధం లేదు, దానికి కారణం ఏమిటో ఇంకా తేలనేలేదు. కానీ విదేశాల్లో పనిచేసి వచ్చినవాళ్లకి కూడా జబ్బు చేస్తే చూడాల్సింది పలాసలో 2023లో కట్టిన కిడ్నీ ఆస్పత్రే, డయాలసిస్ పెన్షన్ ఇవ్వాల్సింది మన రాష్ట్ర ఖజానాయే. అతని చేతుల బలంతో లేచిన నగరానికి అతని మూత్రపిండాలతో పనిలేదు.

"డబ్బు పంపుతున్నారు కదండీ" అంటారు. పంపుతున్నారు. మందసలో, కంచిలిలో స్లాబు ఇళ్లు ఆ డబ్బుతో లేచినవే. కాదనను. అయితే ఆ డబ్బు అతని శ్రమకి జీతం. అతన్ని పెంచిన ఖర్చుకి బాకీ తీరడం వేరు. పైగా సింగపూర్ ప్రభుత్వం ఆ మనిషి తల మీద ఎంత తీసుకుంటుందో చూడండి. కన్‌స్ట్రక్షన్ రంగంలో ఒక్కో విదేశీ కార్మికుడికి యజమాని నెలనెలా లెవీ కట్టాలి. 2024 నుంచి నైపుణ్యం ఉన్నవాడికి 500 డాలర్లు, మామూలువాడికి 900. బయటివాళ్లని తేలిగ్గా పెట్టుకోకుండా చేయడానికి, అంటే జనాభాని అదుపులో పెట్టడానికి, వాళ్లు కనిపెట్టిన సాధనం ఇది. ఆలోచన తెలివైందే. ఎంతమందిని రానివ్వాలో కోటాతో పాటు ధరతో కూడా నియంత్రిస్తున్నారు. కానీ మందస కుర్రాడి కాగితంలో బేసిక్ 700 డాలర్లు. అతను మామూలు కేటగిరీలో ఉంటే అతని జీతం కంటే అతని పేరు మీద ప్రభుత్వానికి వెళ్లే లెవీ ఎక్కువ. యజమాని దృష్టిలో ఆ కుర్రాడు 1,600 డాలర్ల మనిషి. చేతికొచ్చేది 700, పైన ఓటీ. ఈ సంగతి మా షాపుకొచ్చే కుర్రాళ్లలో ఎవరికీ తెలియదు.

ఆడవాళ్ల విషయం ఇంకా ఘోరం. ఇళ్లలో పనికి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మయన్మార్ నుంచి వెళ్లిన అమ్మాయిలకి ఆరు నెలలకోసారి వైద్య పరీక్ష తప్పనిసరి. అందులో గర్భ పరీక్ష ఒకటి. కడుపొచ్చిందని తేలితే పర్మిట్ పోయి ఇంటికి పంపడమే. బిడ్డకి లక్షలు ఇస్తాం కనండి తల్లీ అని సొంత ఆడవాళ్లని బతిమాలే ప్రభుత్వమే, ఆ ఇంట్లో ఆ బిడ్డని ఎత్తుకు తిరిగే అమ్మాయి కడుపుని ఆరు నెలలకోసారి తనిఖీ చేయిస్తోంది. రెండూ జనాభా విధానాలే.

అలాగని వాళ్లకి ఉండిపోయే వలస అంటే గిట్టదని కాదు. ఏటా ఇరవై వేల పైచిలుకు మందికి కొత్తగా పౌరసత్వం ఇస్తారు. వైజాగ్ నుంచి సింగపూర్ వెళ్లే డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కితే రెండు రకాల తెలుగువాళ్లూ కనిపిస్తారు. కూతురి పురిటికి ఆవకాయ, సున్నుండలు మూటగట్టుకుని వెళ్లే ఎంవీపీ కాలనీ దంపతులు, ఫైల్ కవర్లో కాగితాలు పట్టుకుని మొదటిసారి విమానం ఎక్కుతున్న కుర్రాళ్లు. ఆ కూతురు ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉంటుంది. 2025 నుంచి దానికి కనీస జీతం 5,600 డాలర్లు. 6,000 దాటితే భార్యనో భర్తనో, పిల్లల్నో తెచ్చుకోవచ్చు. కొన్నేళ్లకి పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకోవచ్చు. కుటుంబం కావాలన్న కోరిక కూడా జీతం స్లాబుని బట్టి మంజూరవుతుందన్నమాట. మన ఊళ్లో సింగపూర్ మీద గట్టిగా మాట్లాడేది ఈ పాస్ వాళ్ల బంధువులే. అల్లుడి రెన్యువల్ గురించి బాధపడ్డ పెద్దమనిషి, వెల్డర్ కుర్రాడు పెళ్లాం మొహం చూడకుండా రెండేళ్లు ఉండటాన్ని "వాళ్లకి అలవాటే" అని తేల్చేశాడు.

2020లో అది ఎంత దూరం వెళ్లిందో చూశాం. అప్పుడు అక్కడి డార్మెటరీల్లో సుమారు 3.2 లక్షల మంది కార్మికులున్నారు. గదికి పన్నెండు మంది, పదహారు మంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. కరోనా ఊళ్లో అదుపులో ఉందని ప్రపంచమంతా మెచ్చుకుంటున్న రోజుల్లో ఈ గదుల్లో అంటుకుంది. ఆ ఏడాది డిసెంబరు నాటికి వాళ్లలో 47 శాతం మందికి సోకినట్టు పరీక్షల్లో తేలింది. రోజువారీ లెక్కల్లో ఊరి కేసులు వేరుగా, డార్మెటరీ కేసులు వేరుగా రాసేవాళ్లు. ఊరి జనం మళ్లీ హోటళ్లకి వెళ్లడం మొదలెట్టాక కూడా వీళ్లకి గేటు దాటాలంటే అనుమతే. నిజం చెప్పాలంటే వైద్యం బాగా చేశారు, చనిపోయినవాళ్లు చాలా తక్కువ, ఆ విషయంలో వంక పెట్టలేం. ఆ తర్వాత కొత్తగా కట్టే డార్మెటరీల్లో గదికి 12 మందికి మించకూడదని నిబంధన పెట్టారు. పన్నెండు! మన సాంఘిక సంక్షేమ హాస్టల్ నిబంధన అనుకునేరు, తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే పై వరసలో ఉన్న దేశానిది.

ఇష్టపడే వెళ్లారు కదా, ఎవరూ కట్టేసి తీసుకెళ్లలేదు కదా అన్న వాదనకి నా దగ్గర జవాబు పాత చరిత్రలో ఉంది. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది, వైజాగ్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1960ల్లో బర్మాలో సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ల ముందు తరాలు రంగూన్ వెళ్లినప్పుడూ ఎవరూ కట్టేసి తీసుకెళ్లలేదు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ నుంచి స్టీమర్లు నడిచేవి. కరువొస్తే రంగూనే దిక్కు. రేవులో మూటలు మోసింది మనవాళ్లు, బియ్యం మిల్లుల్లో చేసింది మనవాళ్లు, రిక్షాలు లాగింది మనవాళ్లు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. ఇప్పటి సింగపూర్‌లో పదికి ముగ్గురంటే గొడవ అవుతోందే, అక్కడ పదికి ఐదుగురు.

1930 మే నెలలో ఆ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్లని పనిలోకి తీసుకున్నాయి. తీరా సమ్మె తీరిపోయాక వాళ్లని పొమ్మని మనవాళ్లని మళ్లీ పిలిచాయి. ఆ ఉదయం రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. ఎందరో తెలుగు కూలీలు చచ్చిపోయారు. 1942లో జపాన్ దండు వచ్చినప్పుడు లక్షలమంది కాలినడకన అడవులు దాటి వచ్చారు, దారిలో పోయినవాళ్లు వేలల్లో. ఎంతమంది కూలీలు రావాలో రంగూన్ జనాన్ని ఎవరూ అడగలేదు. తక్కువ కూలికి మనుషులు కావలసిన కంపెనీలు, వాటి వెనక ఉన్న తెల్ల ప్రభుత్వం తేల్చుకున్నాయి. కోపం వచ్చినప్పుడు మాత్రం కంపెనీ ఆఫీసు మీదికి పోలేదు. కళ్లెదుట కనబడే కూలీ మీదికి వెళ్లింది. స్థానికుల్ని అడక్కుండా మనుషుల్ని దించితే దెబ్బలు తినేది దిగినవాడే. అందుకే హాంగ్ లిమ్ పార్కులో నిలబడ్డవాళ్ల మీద నాకు కోపం లేదన్నది. వాళ్లు ప్రభుత్వాన్ని అడిగారు, డార్మెటరీ గేటు ముందు గొడవ చేయలేదు. ఆ తేడా చిన్నదేం కాదు.

ఇంతా రాసి మన ఊరి సంగతి వదిలేస్తే ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉండేది ఎవరు? ఒడిశా, బెంగాల్, బిహార్, జార్ఖండ్ వాళ్లు. సెంట్రింగ్, తాపీ, టైల్స్, అన్నీ వాళ్లే. మా వీధిలో ఎక్కడ సైకిలు పోయినా ముందు అనుమానం ఆ షెడ్ల మీదే. దేశం ఒకటే కాబట్టి పర్మిట్లు, బాండ్లు ఉండవు. కానీ పద్ధతిలో తేడా ఎంత? భవనం కట్టే ఖర్చులో 1 శాతం కార్మిక సంక్షేమానికి సెస్సు వసూలు చేయాలని 1996 నుంచి చట్టం ఉంది. ఆ డబ్బుతో ప్రమాద బీమా, ప్రసూతి సాయం, పిల్లల చదువు. అందాలంటే కార్మికుడు బోర్డులో నమోదై ఉండాలి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. మా షాపులో లేబర్ కార్డు అప్లికేషన్లు పెడతాం. ఒడియా మాట్లాడే మనిషి వాటికోసం రావడం చాలా అరుదు. అతని పేరు మీద వచ్చే సెస్సు వస్తూనే ఉంటుంది. సింగపూర్ లెవీ అంత పెద్ద అంకె కాదు కాబట్టి మన మనసుకి అంత గుచ్చుకోదు, అంతే. 2020 మేలో హైవే మీద ఒడిశా వైపు నడిచిపోతున్నవాళ్లకి మనవాళ్లు పులిహోర పొట్లాలు, మజ్జిగ ఇచ్చారు. మంచి పనే. వాళ్లలో ఎంతమంది మన గోడలు కట్టినవాళ్లో ఎవరూ అడగలేదు, పొట్లం ఇచ్చి సాగనంపాం.

ఇది ఇక్కడితో ఆగేది కూడా కాదు. మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.7కి దిగిందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. ముఖ్యమంత్రి గారు ఎక్కువమందిని కనమంటున్నారు. 1972 నుంచి 1987కి సింగపూర్ వేసిన మలుపు మనం ముప్పై ఏళ్లలో వేశాం. బోనస్ ఇచ్చినా పిల్లలు పుట్టరని వాళ్ల అనుభవమే చెప్తోంది. మనవాళ్లు సింగపూర్ అనగానే ఎత్తైన భవనాలు, శుభ్రమైన రోడ్లు అంటారు గానీ, నేర్చుకోవాలంటే ముందు ఈ పాఠం నేర్చుకోవాలి. ఇరవై, ముప్పై ఏళ్లకి మన పొలాల్లో, మన ఆస్పత్రుల్లో, మన ముసలితనంలో మంచం పక్కన ఉండేది బయటినుంచి వచ్చిన మనుషులే. వాళ్లని ఏ షరతుల మీద పిలుస్తామన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. అప్పుడు మనం హార్బర్లో ఏ గిరాకీలా నిలబడతామో నాకైతే భయమే.

ఏం చేయొచ్చు? సింగపూర్‌ని సరిహద్దులు తెరవమని నేను అడగను, అది వాళ్ల ఇల్లు. తెచ్చుకున్నవాళ్లకి మాత్రం ఒకటి అడగొచ్చు. నెలకి 500 నుంచి 900 డాలర్ల లెవీలో ఒక వందో రెండొందలో ఆ కార్మికుడి పేరు మీద జమ చేసి, తిరిగి వెళ్లే రోజున వడ్డీతో ఇవ్వమనండి. ఇరవయ్యేళ్లు పనిచేసినవాడికి నెలకి వంద డాలర్ల చొప్పున వేసినా వడ్డీ కలపకుండానే పదిహేను లక్షల రూపాయలు దాటుతుంది. యజమానికి కొత్త భారం లేదు, విదేశీయుల సంఖ్య ఒక్కటి కూడా పెరగదు, అక్కడి ఓటరు భయపడాల్సింది ఏమీ లేదు. తల, తోక ఖర్చులో కొంతైనా వాళ్ల వైపు నుంచి వచ్చినట్టవుతుంది. ఇటువైపు, సింగపూర్‌ని కూడా క్లియరెన్స్ జాబితాలో పెట్టమని కేంద్రాన్ని అడగాలి. కాగితం ఎక్కువవుతుంది, రోజులు పడతాయి, ఏజెంట్లు దానికీ ఒక రేటు పెడతారు, అదంతా తెలుసు. అయినా జెరాక్స్ షాపువాడి కంటే ఎవరో ఒకరు చూడటం నయం.

అడగడానికి సందర్భాలు లేవా అంటే బోలెడు. 2025 జులైలో కూడా ముఖ్యమంత్రి బృందం సింగపూర్ వెళ్లి పెట్టుబడులు, అమరావతి గురించి మాట్లాడి వచ్చింది. ఇలాంటి బల్ల మీద వెల్డర్ల ప్రావిడెంట్ ఫండ్ ఒక అంశంగా పెట్టడానికి పెద్ద కష్టం ఏముంది? "ఎక్కువ అడిగితే మనవాళ్లని మానేసి బంగ్లాదేశ్ వాళ్లని తీసుకుంటారండీ" అని మా వీధిలో ఒక ఏజెంట్ నాతో వాదించాడు. హెల్పర్ల విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. 6జీ పాసైన పైప్ వెల్డర్ విషయంలో కాదు. అలాంటివాణ్ణి తయారు చేయాలంటే నెలలు పడుతుంది, వాడు చేతికి దొరకడం లేదని అతనే పొద్దున్న ఫోన్లో ఎవరితోనో మొత్తుకుంటుంటే విన్నాను. అయితే మొదట వాళ్ల దగ్గరే మొదలుపెడదామన్నాను.

"వాళ్లకి యూనియన్ పెట్టేట్టున్నారే" అన్నాడు. పెట్టేవాళ్లుంటే కాగితాలు ఉచితంగా ప్రింటు తీసిస్తానన్నాను.